మౌనమే సవతి

2022 సెప్టెంబరు. ఇల్లినాయ్‌లో అరోరా దగ్గర ఒక ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా పని అంటే నత్తి పిల్లలకి మాటలు నేర్పడమే అనుకుంటారు చాలామంది. అది కొంతే. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు, ముద్ద మింగలేనివాళ్ళు, గొంతు కేన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్ళు కూడా మా దగ్గరికే వస్తారు.

స్వరపేటికని పూర్తిగా తీసేసే ఆపరేషన్‌ని లారింజెక్టమీ అంటాం. ఆ తర్వాత మనిషి ముక్కుతో కాకుండా మెడ దగ్గర పెట్టిన రంధ్రంతో ఊపిరి తీసుకుంటాడు. ఆ రంధ్రం పేరు స్టోమా. నోరు, నాలుక, పెదవులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. శబ్దం ఒక్కటే ఉండదు. దాన్ని ఇంకో దారిన తెచ్చివ్వడం నా ఉద్యోగం.

భాస్కరరావు గారు అలా వచ్చినవారే. దగ్గర్లోని ఒక కాలేజీలో చరిత్ర బోధించి రిటైరయ్యారు. మధ్యయుగాల ఇంగ్లండులోని క్రైస్తవ మఠాలు ఆయన విషయం. అందులోనూ అక్కడి మౌనం. తెనాలిలో పుట్టిన మనిషి, ఎక్కడో ఇంగ్లండు సన్యాసులు భోజనాల దగ్గర ఎందుకు మాట్లాడుకోలేదో తెలుసుకోవడానికి జీవితమంతా పెట్టాడని వినగానే నాకు నవ్వొచ్చింది. ఆయన భార్య సులోచన గారు చాలా ఏళ్ళు ఒక స్కూల్ కెఫెటీరియాలో పనిచేశారు. అన్నాళ్ళూ పిల్లల గోల మీదుగా మాట్లాడి మాట్లాడి, ఆవిడ గొంతు మామూలుగానే రెండు గదుల అవతలికి వినిపిస్తుంది.

"తెలుగమ్మాయివా? బతికించావు తల్లీ. ఎలాగైనా ఈయన చేత మాట్లాడించు. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో నా గొంతు నాకే విసుగొస్తోంది" అన్నారు మొదటి రోజే.

ఎలక్ట్రోలారింక్స్ అనే పరికరం తీశాను. చూడ్డానికి చిన్న టార్చిలైటులా ఉంటుంది. మెడకి ఆనించి మీట నొక్కితే బుర్రుమని మోగుతుంది. ఆ మోత నోట్లోకి వెళ్తుంది, పెదవులూ నాలుకా దాన్ని మాటగా మలుస్తాయి. మెడ మీద ఏ చోట పెడితే మాట స్పష్టంగా వస్తుందో మనిషి మనిషికీ వేరు. ఆ చోటుని స్వీట్ స్పాట్ అంటాం. భాస్కరరావు గారికి దవడ కింద ఎడమపక్కన అది దొరికింది. "ఏదైనా ఒక మాట అనండి సార్" అన్నాను. ఆయన "ఆ" అన్నారు. ఆ మోత చెవిన పడగానే ముఖం చిట్లించి పరికరాన్ని బల్ల మీద పెట్టేశారు. వైట్‌బోర్డు తీసుకుని ఇంగ్లీషులో రాశారు. నేను జీవితమంతా మాట లేకుండా బతికిన వాళ్ళతోనే గడిపాను, నాకిది అక్కర్లేదు అని.

సులోచన గారు చదివి బోర్డుని బోర్లా పెట్టేశారు.

ఆ తర్వాతి సెషన్‌కి వాళ్ళతోపాటు క్లెయిర్ అనే ఆవిడ కూడా వచ్చింది. నలభైల్లో ఉంటుంది. ఒకప్పుడు ఆయన దగ్గర పరిశోధన చేసి, ఇప్పుడు విస్కాన్సిన్‌లో పాఠాలు చెబుతోంది. గురువుగారిని చూడటానికి అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చింది. వస్తూనే ఒక్క మాటా అనకుండా, మూడు వేళ్ళు కలిపి గాల్లో ఏదో చల్లినట్టు చేసింది. భాస్కరరావు గారి భుజాలు కదిలాయి. స్టోమాలోంచి బుస్సుమని గాలి వచ్చింది. గొంతు లేనివాళ్ళ నవ్వు అలాగే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి అని సులోచన గారి ముఖం చూస్తేనే తెలిసింది.

అది ఉప్పుకి గుర్తట. ఆ మఠాల్లో భోజనాల గదిలో, ప్రార్థనా మందిరంలో, రాత్రి ప్రార్థన ముగిసినప్పటి నుంచి తెల్లవారేదాకా మాట్లాడకూడదు. కానీ ఉప్పు కావాలి, చేప కావాలి, కొవ్వొత్తి కావాలి. అందుకని ఒక్కో వస్తువుకీ ఒక్కో చేతి గుర్తు పెట్టుకున్నారు. గురుశిష్యులిద్దరికీ ఆ గుర్తులన్నీ కంఠస్థం. నా బల్లకి అటూ ఇటూ కూర్చుని, పదో తరగతి పిల్లలు వెనక బెంచీలో సైగలు చేసుకున్నట్టు మొదలుపెట్టారు. నా పరికరం వాళ్ళ మధ్య పేపర్‌వెయిట్‌లా పడుంది.

నిజం చెప్పాలంటే నాకు కడుపు మండింది. ఆయనకి మాట తెప్పించాల్సింది నేను. ఏ మాత్రం శిక్షణా లేని ఆవిడ రెండు చేతులూపి నా పేషెంట్‌ని నవ్వించేసింది. నా మంట అలా ఉంటే, సులోచన గారి మంట వేరే.

సెషన్ అయ్యాక ఆవిడ నన్ను కారిడార్‌లో పట్టుకున్నారు.

"చూశావటమ్మా?"

"ఏంటి ఆంటీ?"

"ఏంటంటావేంటి? ఇంట్లో నేను గంటలు గంటలు మాట్లాడతాను. ఆ బోర్డు మీద 'ఊ' అని రాస్తారు. 'ఊ' అని రాయడమేంటమ్మా ఎవరైనా! ఆవిడ రాగానే చేతులు రెక్కలైపోయాయి. పెళ్ళయిన కొత్తలోనూ ఇంతే. పొద్దస్తమానం చదువుకోవడం, నేను పలకరిస్తే ష్ అనడం. ఆ సన్యాసుల మౌనమే నాకు సవతి అనుకున్నాను. పోనీలే, పుస్తకాల్లో ఉన్న సవతి కదా, ఏం చేస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు చూడు, ఆ సవతికి చేతులొచ్చాయి!"

"ఆవిడ స్టూడెంటే కదా ఆంటీ..."

"తప్పుడు పని చేశారని నేను అన్నానా? ఆయన అలాంటి మనిషి కాదు. అదే అయితే తిట్టి ఊరుకునేదాన్ని. నాకు లేని నవ్వు ఆవిడకి ఎందుకుందని నా బాధ. ఇదిగో చెప్తున్నా, ఇలాగే ఉంటే నేను ఇర్వింగ్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను. టికెట్ చూసి పెట్టమని చెప్పేశాను కూడా."

ఆవిడ ఉత్తినే అనలేదు. ఆ వారమే ఫోన్ చేసి, తను లేనప్పుడు ఆయన స్టోమా శుభ్రం చేయడానికి నర్సు ఇంటికొస్తుందేమో కనుక్కున్నారు. అప్పుడు నాకు భయమేసింది. గొంతు పోయిన మనిషికి మొదటి నెలల్లో ఇంట్లో ఒక తోడు లేకపోతే చాలా కష్టం.

తర్వాతి సెషన్‌లో క్లెయిర్ లేదు. ఆయన్ని పరికరం జోలికి లాగకుండా, ఆ మఠాల సంగతి అడిగాను. ఆయనకి హుషారొచ్చింది. బోర్డు తుడిచి తుడిచి రాశారు. అక్కడ మౌనమంటే మాటే లేకపోవడం కాదట. మాటకి ఒక వేళా ఒక చోటూ ఉండటమట. ముఖ్యమైన సంగతి మాట్లాడుకోవాలంటే దానికోసమే మఠంలో ఒక గది ఉండేదట. ఆ గది పేరే తర్వాత ఇళ్ళలో కూర్చుని కబుర్లాడుకునే పార్లర్ అయింది. గుర్తులు కూడా శ్రుతి మించితే పెద్దలు ఊరుకునేవాళ్ళు కాదట. ఒక మఠంలో భోజనానికి వెళ్ళిన ఆనాటి అతిథి ఒకాయన, సన్యాసులంతా చేతులూ వేళ్ళూ తిప్పుతుంటే నాటకంలా ఉందనీ, దీనికన్నా మాట్లాడుకుంటేనే మర్యాదగా ఉండేదనీ చిరాకుపడ్డాడట.

"ఆ అతిథి ఎవరో నాలాంటివాడే" అన్నారు సులోచన గారు.

మరుసటి రోజు ఆవిడ ఒక్కరే వచ్చారు. "నాకూ ఆ గుర్తులు నేర్పు. ఆ అమ్మాయిని మాత్రం అడగను" అన్నారు. నేను సార్ దగ్గర కొన్ని చూసి పెట్టుకున్నాను. నాలుక మీద వేలు పెడితే తేనె. రెండు అరచేతులూ కలిపి అదిమితే జున్నుగడ్డ లాంటి చీజ్. చేతిని తోకలా ఆడిస్తే చేప. ఆవిడ చకచకా పట్టేశారు.

"ఇవన్నీ వంటింటి సామానే! నాకొచ్చిన భాషేగా" అన్నారు సంబరంగా. తర్వాత, "మరి 'కోపమొచ్చిందా'కి ఏది?" అని అడిగారు.

"అది లేదు ఆంటీ."

"'నాతో ఎందుకు మాట్లాడరు'కి?"

"అదీ లేదు."

"వాళ్ళకి పెళ్ళాలు లేరుగా. ఎందుకుంటుంది!"

ఆ శుక్రవారం ముగ్గురూ వచ్చారు. కూర్చోగానే సులోచన గారు భర్త వైపు చూసి, కాస్త సిగ్గుపడుతూ చేతిని చేప తోకలా ఆడించారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో బదులు చెప్పబోయారు. అంతలో క్లెయిర్ ముచ్చటపడి, "ఓ, చాలా బాగుంది! కాకపోతే మణికట్టు ఇలా తిరగాలి" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని సరిచేసింది.

సులోచన గారు చెయ్యి విదిలించుకుని లేచారు. క్లెయిర్‌కి అర్థం కాదని తెలిసీ తెలుగులోనే అందుకున్నారు.

"నా చెయ్యి తిప్పుకోవడం నాకొచ్చు! ఇన్నేళ్ళూ చేపలు కడిగి పులుసు పెట్టినదాన్ని, తోక ఎలా ఆడుతుందో ఈవిడ చెప్పాలా నాకు? ఏవండీ, మిమ్మల్నే! ఈవిడతో అన్ని కబుర్లున్నాయే, నాతో చెప్పడానికి ఒక్కటంటే ఒక్క ముక్క లేదా మీకు?"

ఆయన బోర్డు వైపు చెయ్యి చాచారు. ఆవిడ దాన్ని లాక్కున్నారు.

"రాయొద్దు. మీరు రాసింది చదువుతుంటే పరీక్ష పేపరు తిరిగొచ్చినట్టుంటుంది నాకు. అమెరికా వచ్చిన మొదటి ఏడాది కూడా ఇంతే. ఎవ్వరూ తెలియని ఊళ్ళో మాట్లాడే దిక్కు లేక నేను గోడలతో మాట్లాడాను. అప్పుడు గొంతుండీ మాట్లాడలేదు. ఇప్పుడు గొంతు లేదని మాట్లాడరు. నేను ఎప్పుడండీ వినేది?"

గొంతు పెరిగిపోయింది. ఎవరో తలుపు తీసి తొంగిచూసి మూసేశారు. భాస్కరరావు గారి చేతులు పైకి లేచాయి. గాల్లోనే ఆగిపోయాయి. ఉప్పుకీ తేనెకీ చేపకీ ఆ వేళ్ళకి గుర్తులు తెలుసు, దీనికి తెలియదు. ఆయన నా వైపు చూశారు, క్లెయిర్ వైపు చూశారు. ఒక్కసారిగా బల్ల మీది పరికరం అందుకుని, దవడ కింద ఎడమపక్కన సరిగ్గా ఆ చోటే ఆనించి మీట నొక్కారు.

"అరవకే."

బుర్రుమనే మోతలో, యంత్రం మాట్లాడినట్టు. కానీ స్పష్టంగా.

సులోచన గారు చేతిలోని బోర్డు బల్ల మీద పెట్టేశారు. "ఏమన్నారూ?"

"అరవకే. ఇది ఆస్పత్రి."

ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగుతో నోరు మూసుకున్నారు. నవ్వో ఏడుపో మొదట తెలియలేదు. "చూశావా అమ్మాయ్! నోరొచ్చీ రాగానే నా నోరు మూయించాలని చూస్తున్నారు! మళ్ళీ అనండి. ఏదీ, మళ్ళీ ఒక్కసారి అనండి!"

ఆయన మళ్ళీ అన్నారు. స్టోమాలోంచి బుస్సుమని గాలి వచ్చింది. ఆగకుండా మోగే ఆ పరికరానికి క, ప లాంటి మోత లేని హల్లులే కష్టం. 'అరవకే'లో ఒక్క 'క' తప్ప మిగతావన్నీ సులువైన అక్షరాలే. ఎంత ఏరి కూర్చినా అంతకన్నా మంచి మొదటి పాఠం నేను ఇవ్వలేకపోయేదాన్ని.

క్లెయిర్ నా వైపు వంగి, ఆయన ఏమన్నారని మెల్లగా అడిగింది. అరవొద్దని భార్యకి చెప్పారన్నాను. ఆవిడ వాళ్ళిద్దరి వైపు చూసి, "అన్నేళ్ళు ఆయన దగ్గర చదివాను. ఆయన భాషలో నాతో ఒక్క ముక్క కూడా అనలేదు" అంది. బ్యాగు సర్దుకుంటుంటే ఆవిడ ముఖంలో నాకు కనిపించింది అసూయే. గదిలో ఆడవాళ్ళం ముగ్గురిలో ఆ జబ్బు లేనివాళ్ళు ఎవరూ లేరని అప్పుడర్థమైంది.

ఎందుకంటే నేనూ దానికి అతీతురాలిని కాను. ఆ సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ సులోచన గారి మీద అసూయపడ్డాను. నేనూ మా ఆయనా పోట్లాడుకోం. ఆఫీసు కాల్స్ మధ్యలో వీసా రెన్యువల్ గురించి, కాస్ట్‌కోలో కొనాల్సిన సామాన్ల గురించి మర్యాదగా మాట్లాడుకుంటాం. అరవకే అని విసుక్కునేంత చనువు మాకు ఎప్పుడు తగ్గిపోయిందో నాకు గుర్తు రాలేదు. ఇంటికి వెళ్ళి ఆయన్ని ల్యాప్‌టాప్ మూయమన్నాను. ఏమైందని అడిగారు. ఏమీ కాలేదు, మాట్లాడమన్నాను.

సులోచన గారు ఇర్వింగ్ వెళ్ళలేదు. చెల్లెల్నే ఇక్కడికి రమ్మన్నారు. భాస్కరరావు గారు పరికరంతో సాధన చేశారు. వసంతకాలానికి డాక్టర్లు వాయిస్ ప్రాస్థెసిస్ పెట్టారు. అది శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య అమర్చే చిన్న సిలికాన్ కవాటం. స్టోమాని బొటనవేలితో మూసి మాట్లాడితే మనిషి గొంతుకి దగ్గరగా ఉండే బొంగురు స్వరం వస్తుంది. ఆ స్వరంతో ఆయన నాతో అన్న సంగతి ఒకటి ఇప్పటికీ మరిచిపోలేదు. "ఆ సన్యాసులు మౌనాన్ని కోరి తెచ్చుకున్నారమ్మా. నాకు వచ్చిపడింది. వచ్చిపడినదాన్ని నేను కోరుకున్నట్టు నటించాను. దాని బరువు సులోచన మోసింది."

క్లెయిర్ ఇప్పటికీ వస్తుంది. సులోచన గారు ఇప్పటికీ వాళ్ళిద్దరి మధ్యే కుర్చీ వేసుకుంటారు. ప్రతి గుర్తుకీ అర్థం చెప్పిస్తారు, చెప్పింది నచ్చకపోతే ముఖం మాడ్చుకుంటారు. ఆ అసూయ తగ్గిందని నేను చెప్పలేను. ఆవిడా చెప్పరు.

అంతకుముందు నేను పేషెంట్లకి మొదట పరికరాలు చూపించేదాన్ని. ఏది సులువు, ఏది ఖరీదు, దేనికి ఎన్నాళ్ళు పడుతుంది అని. ఇప్పుడు మొదటి ప్రశ్న వేరు. మాట వస్తే ఎవరితో మాట్లాడాలనుంది అని అడుగుతాను. కుటుంబంలో ఎవరికైనా కళ్ళు ఎర్రబడి ఉంటే తప్పించుకుపోను. వాళ్ళని కూడా గదిలో కూర్చోబెడతాను, ఎందుకంటే ఆ మాట కోసం అందరికన్నా ఆకలిగా ఉన్నది వాళ్ళే. మొన్న స్వరపేటిక పోయిన ఒక ట్రక్కు డ్రైవర్‌ని అదే అడిగాను. బోర్డు తీసుకుని తన తమ్ముడి పేరు రాశాడు. గొంతు పోకముందే వాళ్ళిద్దరికీ మాటల్లేవట. మేమిద్దరం ఆ పేరు పలకడంతోనే పాఠం మొదలుపెట్టాం.