తప్పు దవాఖాన

పోయిన నెల నా కుడికంటికి పొర తీసి కొత్త అద్దం పెట్టారు. జడ్చర్లలో ఆ దవాఖాన ఎక్కడుందో నాకు గాని, కారు నడిపిన నా కూతురికి గాని తెలియదు. అయినా దారిలో ఎవరినీ అడిగే పని పడలేదు, ఫోనులోని ఆడగొంతు సందు సందుకూ చెప్పుకుంటూ తీసుకుపోయి సరిగ్గా గేటు ముందు దించింది. ఇంటికొచ్చాక చుక్కల మందు డబ్బా తిప్పి చూస్తే, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చీమకాళ్లంత సన్నని అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. మందు అక్కరున్నవాళ్లు దాన్ని చదవలేరు, చదవగలిగినవాళ్లకు ఆ మందు అక్కర లేదు. ఎవరి తెలివో గాని భలే తెలివి అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వు వెంబడే ఆత్మకూరులో మేమున్న నేతగాళ్ల సందు, రోడ్డు మీది ఒక బాణం గుర్తు, మా అత్త వరసగా జ్ఞాపకమొచ్చారు.

రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. ఎక్కడ చూసినా పాత బోర్డులు దింపడం, కొత్త బోర్డులు ఎక్కించడం. మా ఇంట్లో మాత్రం ఏ సందడీ లేదు, ఎందుకంటే ఆ ఎండాకాలమే మా మామ మగ్గం మీద చీర పూర్తికాకుండానే వదిలేసి, రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ఎర్రంచు చీర అది, ఒళ్లంతా అయిపోయింది, కొంగు నాలుగు వేళ్ల మేర మాత్రమే పడింది. మా ఆయన అప్పటికే మగ్గం విడిచి బట్టల దుకాణంలో పనికి కుదిరాడు, తండ్రి చోట్లో కూర్చుని నేయడానికి ఆయనకు మనసు రాలేదు. మగ్గం తీసేస్తే ఆ గది కిరాయికి ఇవ్వవచ్చని బంధువులు చెబుతూనే ఉన్నారు, కాని తీయాలంటే మగ్గానికి నిలువునా కట్టిన పడుగు దారాలు కోయాలి, మధ్యలో ఆగిన పడుగును కోయడమంటే మా ఇండ్లల్లో మహా పాపం. ఎవరైనా కూర్చుని నేయాలి, లేదా పాపానికి ఒడిగట్టాలి. అత్త ఏమీ చెప్పదు. మామ పోయిననాటి నుంచి ఆమె నోట ఒక్క మాట లేదు, పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే లేదు, పొద్దంతా ఆ మగ్గం పక్కన గోడకు ఒరిగి కూర్చునేది. ఆమె కూడా అట్లాగే ఆరిపోతుందేమోనని నాకు లోలోపల భయంగా ఉండేది.

అప్పుడు మా రోడ్డులో కొత్తగా కంటి దవాఖాన తెరిచారు. దాని బోర్డు గీసినవాడు ఒక స్తంభాన్ని మనసులో పెట్టుకుని బాణం గీశాడు, బిగించినవాడు రోడ్డుకు ఆ పక్కన దానికెదురుగా ఉన్న స్తంభానికి బిగించి చేతులు దులుపుకున్నాడు. బాణం కుడిచేతికే ఉంది, బోర్డు ముఖం తిరిగేసరికి కుడిచెయ్యే మారిపోయింది. అందువల్ల అటు పోవాల్సిన జనమంతా ఇటు మా సందులోకి మళ్లారు, ఆ సందు మా ఇంటి దగ్గరే ఆగిపోతుంది. పైగా వచ్చేవాళ్లు కళ్లు కనిపించనివాళ్లు కదా, మా ఇల్లు ఇల్లో దవాఖానో పోల్చుకునేదెట్లా!

తప్పు బోర్డుది ఒకటైతే మాది ఇంకొకటి. గడప ముందుకు మనిషి వస్తే ముందు దూపకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఆ తర్వాతే ఏం పని మీద వచ్చారని అడగడం మా సందు అలవాటు. మొదటిరోజు ఒక పెద్దాయనకు నీళ్లిచ్చి, పొయ్యి మీద కూర చూసి వచ్చేసరికి, ఆయన కూర్చున్నాడు కాబట్టి ఇదే దవాఖాన అనుకుని అరుగు పొడుగునా జనం వరసగా కూర్చుని ఉన్నారు. చెప్పులు కూడా బుద్ధిగా బయట విడిచారు. ఒకాయన నేరుగా లోపలికి పోయి, మగ్గం ముందరి కర్ర మీద గడ్డం ఆనించి, దారాలకేసి తేరిపార చూసి, "దారం దారం కనవడ్తాంది, ఇగ నాకు అద్దాలెందుకు?" అని నన్ను దీవించి వెళ్లిపోయాడు. ఇంకొకాయన మా ఆయనను పట్టుకుని, డాక్టరు సారు ఎప్పుడొస్తాడు, ఇంతసేపు కూర్చోబెడితే ఎట్లా అని దబాయిస్తే, దుకాణంలో గిరాకీలకు తలూపి అలవాటైన మా ఆయన కంగారులో వచ్చేస్తాడని చెప్పేశాడు. దవాఖానవాళ్లకు కబురు పంపితే రేపు మారుస్తామన్నారు. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చిపోయిందో! ఊళ్లో మా ఇంటికి తప్పు దవాఖాన అనే పేరు స్థిరపడిపోయింది.

అట్లా వచ్చినవాళ్లలో ఒక అవ్వ ఉంది. కృష్ణ ఒడ్డు ఊరి నుంచి, మేకలు కాసుకునే ఇంటి మనిషి, చేతికర్ర తాటిస్తూ ఒక్కతే వచ్చింది. నేను నీళ్లు తెచ్చేలోపే గోడ తడుముకుంటూ మగ్గం గదిలోకి పోయి, అత్త చెయ్యి తగలగానే పట్టుకుని, ఆ చేతిని తన కళ్ల మీద పెట్టుకుంది.

"డాక్టరమ్మా, జర మంచిగ సూడు. నా మేక పిల్లల మొకం సూడక ఎన్ని దినాలాయెనో."

చెంబు పట్టుకుని నేను గడప దగ్గరే నిలబడిపోయాను. అత్త ఆ అవ్వ ముఖాన్ని వెలుగు వైపు తిప్పింది, రెప్ప పైకెత్తి చాలాసేపు చూసింది. తర్వాత, మామ పోయిననాటి నుంచి మూతపడిన ఆ నోట మాట వచ్చింది. "పొర కమ్మింది అక్కా. తీస్తే కనవడ్తది." గొంతు జీరబోయి, పాత తలుపు తెరుచుకున్నట్టుంది.

అవ్వ చెయ్యి దించబోతే అది మగ్గం మీది చీరకు తగిలింది. మెల్లగా నిమిరి, ఏం రంగని అడిగింది. ఎర్రంచు అని చెప్పింది అత్త, కొంగు ఇంకా పూర్తి కాలేదని కూడా చెప్పింది. "నెయ్యి మరి. కండ్లొచ్చినంక ముందుగాల గిదే సూస్త," అంది అవ్వ, రేపో మాపో జరిగే పని గురించి చెప్పినంత తేలికగా. ఇది దవాఖాన కాదని నేనెంత చెప్పినా నవ్వింది, చివరికి చెయ్యి పట్టుకుని అసలు దవాఖానలో దిగబెట్టి వచ్చాను.

మరునాడు తెల్లవారేటప్పుడు మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. మామ పోయాడన్నది కూడా ఒక క్షణం మరిచిపోయాను. వెళ్లి చూస్తే అత్త మగ్గం గుంటలో కాళ్లు దించుకుని మామ చోట్లో కూర్చుని ఉంది. మా ఇంట్లో ఆడవాళ్లు నూలు చుట్టేవాళ్లు, అంతే, మగ్గం మీద ఏనాడూ కూర్చోలేదు. బతుకంతా పక్కన కూర్చుని చూసిందే ఆమె నేర్చిన చదువు. దారం తెగేది, ముడేసేది, మళ్లీ తెగేది. మా ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు, ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. వైద్యుడు, బంధువులు, కన్నకొడుకు ఎవరూ లేపలేని మనిషిని ఒక తప్పు బాణం లేపి కూర్చోబెట్టింది.

కొంగు సగానికి వచ్చిందో లేదో, ఎవరో వచ్చి బోర్డును అసలు స్తంభానికి మార్చేశారు. అరుగు ఖాళీ అయింది. చీర పూర్తయ్యాక కూడా అత్త దాన్ని మగ్గం నుంచి దించనివ్వలేదు, "అక్క సూస్తనన్నది గద," అనేది, సందు వైపే చూస్తూ మళ్లీ మాటలు తగ్గించింది. బోర్డు సరిగా ఉంది, అవ్వకు కళ్లొచ్చాయి, ఇక ఈ సందులోకి ఎందుకొస్తుందని నాకు దిగులు పట్టుకుంది. దవాఖానకు పోయి అడిగితే ఆపరేషను బాగా జరిగింది, ఊరికి వెళ్లిపోయిందన్నారు.

వచ్చింది. వానలు పడ్డాక ఒకనాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గిన్నెలో మేకపాలు తీసుకుని వచ్చింది. బాణం చూసి ముందు అసలు దవాఖానకు పోయి, "తప్పు దవాఖాన ఏడుంది?" అని అడిగిందట, అక్కడివాళ్లు నవ్వి దారి చూపించారట. మాటిచ్చినట్టు ముందు చీర చూడలేదు. అద్దాలు తీసి అత్త ముఖంలోకి చూస్తూ, "నువ్వేనా డాక్టరమ్మవు?" అంది. అత్త ఏడుస్తూ నవ్వింది. తర్వాత అత్తే అవ్వ వేలు పట్టుకుని చీర మీద ఒకచోట ఆనించింది.

"ఈడిదాంక ఆయన. ఈడికెల్లి నేను."

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు, చీర మాత్రం నా దగ్గరుంది. ఇవాళ బాణాలన్నీ సరైన దిక్కే చూపిస్తున్నాయి, ఫోను అసలే దారి తప్పదు, మంచిదే, రోగులకు తిరుగుడు తప్పింది. కాని మా ఇంటి అరుగు మీద కొత్త మనిషి కూర్చుని నీళ్లడిగి ఎంత కాలమైందో గుర్తు లేదు. కంటికట్టు విప్పిన రోజు నేనూ ముందుగా ఆ చీరే తెమ్మన్నాను. కొత్త కన్నుతో ఎంత వెతికినా మామ చెయ్యి ఎక్కడ ఆగిందో, అత్త చెయ్యి ఎక్కడ మొదలైందో కనిపించలేదు. కళ్లు మూసుకుని వేలితో నిమిరితే, ముడులు తగిలేచోట దొరికింది.