మూడో గదిలో ఊపిరి

ఆమెను అందరూ పుట్టగొడుగుల వదిన అంటారు. పెరట్లో నాలుగు చీకటి గదులు కట్టించి, వేలాడదీసిన సంచుల్లో పుట్టగొడుగులు పెంచడం ఆమె పని. ఆ పంటకి చెమ్మ తగ్గినా అలకే, వేడి పెరిగినా అలకే. చూద్దామని తలుపు తీస్తే మరో అలక. "దీనికన్నా మా అత్తగారిని మెప్పించడం తేలిక" అని నవ్వేది.

చెమ్మ, వేడి, గాలి కొలిచే సెన్సర్ గదికొకటి పెట్టింది, సరే. అవి చెప్పే అంకెల్ని కూడగట్టే యంత్రం ఒకటి ఆగకుండా నడవాలి కదా. కంప్యూటర్ పెడితే ఆ చెమ్మకి నెల తిరక్కుండా చచ్చూరుకుంది. అప్పుడు ఆమె కన్ను మరిది అటక మీద పడేసిన పాత వైఫై రౌటర్ మీద పడింది.

"అది నెట్ పంచడానికి వదినా, పుట్టగొడుగులకి కాపలా కాయడానికి కాదు!"

"అదీ కంప్యూటరేనయ్యా, కాకపోతే చిన్నది, ఫ్యాన్ లేదు కాబట్టి చెమ్మని లోపలికి లాగదు. కంపెనీవాడు దాని బుర్రలో పెట్టింది తీసేసి మనక్కావలసింది పెడదాం."

తీరా పెడుతుంటే కరెంటు పోయింది. వచ్చాక చూస్తే రౌటర్ దీపం మిణుకుమిణుకుమంటూ ఉందేగానీ ఉలుకూ పలుకూ లేదు. మరిది పగలబడి నవ్వాడు. వదిన పట్టు వదల్లేదు. వెనకున్న చిన్న బొత్తాం నొక్కిపట్టి, దాన్ని మళ్లీ లేపి, దాని బుర్రలో నడిచే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించింది. సెన్సర్ల సాఫ్ట్‌వేర్‌కి లోపల చోటు చాలకపోతే పెన్ డ్రైవ్ గుచ్చి అందులో సర్దింది. నాలుగు గదుల అంకెలూ ఫోన్‌లో కనబడ్డ ఉదయం, పిండి కలుపుతున్న చేత్తోనే మరిది వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

అంతా బాగానే ఉంది గానీ, మధ్యాహ్నమయ్యేసరికి మూడో గదిలో బొగ్గుపులుసు వాయువు అంకె చెట్టెక్కి కూర్చునేది. మనం ఊపిరిలో వదిలే గాలే అది. ఎక్కువైతే కాడలు సాగిపోయి గొడుగులు విచ్చుకోవు.

"నీ రౌటర్‌కి మతి పోయింది," అన్నాడు మరిది.

ఆమెకీ అదే అనుమానం. సెన్సర్ మార్చింది, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించింది. ఊహూ. చివరికి ఓ మధ్యాహ్నం అంకె ఎక్కుతుండగానే పరుగున వెళ్లి తలుపు తీసింది.

లోపల అత్తగారు, పక్కింటి పెద్దావిడ, టైలరమ్మ స్టూళ్లు వేసుకుని కబుర్లలో మునిగి ఉన్నారు.

"తలుపెయ్యవే, చల్లదనం పోతుంది!" అంది అత్తగారు.

"అత్తయ్యా! రోజూ ఇక్కడేనా?"

"బయట ఎండ మాడ్చేస్తోంది కదే. అయినా నీకెవరు చెప్పారు?"

"రౌటర్ చెప్పింది."

అత్తగారి ముఖం పాలిపోయింది. "మా మాటలన్నీ వింటోందా అది?"

"మాటలు కాదత్తయ్యా, మీ ఊపిరే పట్టిచ్చింది."

"హమ్మయ్య! నీ గురించి అన్నవి తెలీవన్నమాట."

టైలరమ్మకి నవ్వాగక పొలమారింది. వదిన కూడా అక్కడే గుమ్మంలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మర్నాడే సరుకు సర్దే గదిలో కూలర్ పెట్టించి ముగ్గురినీ అక్కడికి మార్చింది. కబుర్లాడుతూనే వాళ్లు పుట్టగొడుగుల్ని బుట్టల్లో సర్దిపెడుతున్నారు. మూడో గదిలో గొడుగులు అరచేయంత విచ్చుకున్నాయి. అది చూసి అత్తగారు, "మా గదికీ ఓ సెన్సర్ తగిలించవే, మేమేం తక్కువా?" అని పోరు పెట్టింది. తగిలించక తప్పలేదు. ఇప్పుడు వీధిలో ఎవరెదురైనా ఆవిడ ముందు ఫోన్ తీసి తన గది చల్లదనం చూపించాకే కుశలం అడుగుతోంది.