ఎలుకకో ఉండ్రం

మొన్న స్నేహితురాలి వంటింట్లో బియ్యపు రవ్వ ఆవిరికి ఉడుకుతున్న వాసన తగలగానే నా అరచేతులు చెమర్చాయి.

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో నేను మూడో క్లాసులో ఉండగా వినాయక చవితి బడి రోజునే వచ్చింది. ముందు పూజ, ఆపైన స్కూల్ బస్సు, దిగగానే లెక్కల టెస్టు. అమ్మ ఉడికించిన రవ్వ నా ముందు పెట్టి ఉండ్రాళ్లు చుట్టమంది. ఉండ్రం పగిలితే టెస్టు పోతుందని నాకెందుకో గట్టి నమ్మకం. మొదటిదాన్నే తడిచేత్తో దొర్లిస్తూ కూర్చున్నాను. ఎక్కడో ఒక గీత కనబడేది. చిదిపేసి మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

నాన్న ఆఫీసు బ్యాడ్జ్ మెడలో వేసుకుంటూ తొంగిచూశారు. "అమ్మలూ, ఆయన బొజ్జ ఒక్కదానితో నిండదే. నాకు మీటింగ్ ఉంది."

"రౌండ్‌గా రావట్లేదు డాడీ."

అమ్మ పక్కన కూర్చుని తనూ చుట్టసాగింది. "ఇది ఆయన ఎలుకకి చెయ్యి. గోళీకాయంత చాలు. దానికి షేప్‌తో పనేంటి?"

ఎలుక నన్ను ఫెయిల్ చేయదు కదా. వంకరగా చిన్నది ఒకటి చుట్టాను, తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే గిన్నె ఖాళీ అయింది.

ఉడికాక మూత తీస్తే అమ్మ చుట్టినవీ పగిలే ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఒకే పళ్లెంలో దేవుడి ముందు పెట్టేసింది. పూజంతా బిక్కుబిక్కుమంటూ ఆయన మొహమే చూశాను. టెస్టులో మార్కులు ఎప్పటిలాగే వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత చదువు మధ్యలో మానేసింది నేనే, అందులో ఉండ్రాళ్ల తప్పేమీ లేదు.

ఎలుకకి వేరేగా ఉండ్రాళ్లు ఏ ఇంట్లోనూ చెయ్యరని తెలిసేసరికి, ఏ పనైనా ముందు ఎలుక కోసమన్నట్టు వంకరగానైనా మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది.