కూర్చోబెట్టి దించిన పేషెంటు

ఫౌజులో సిపాయి కొలువు ముగిశాక సంతోష్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సుకు డ్రైవరుగా చేరాను. మే నెల. పొద్దున ఆరింటికే బండి రేకు కాలుతోంది. సామాను: ఒక స్ట్రెచర్, ఒక మడత కుర్చీ, ఒక ఆక్సిజన్ సిలిండర్. నేను అక్షరాలు నేర్చుకున్నది ఫౌజులో, మీసాలొచ్చాక. అందుకే పిల్లల చదువు పాడుచేసేవాళ్లంటే నాకు రోత.

పారామెడిక్ కాలేజీ నుంచి ఇద్దరిని ప్రాక్టికల్ డ్యూటీకి నా బండి మీద వేశారు. సబిహా రెండో ఏడాది, నరేశ్ మొదటి ఏడాది. నేర్పాల్సింది ఆసుపత్రి ఇన్‌ఛార్జి. ఆయన నేర్పింది ఛాయ్ తేవడం, ఫైళ్లు మోయడం. దాంతో బండి ఆగినప్పుడల్లా ఒకరి మీద ఒకరు చేసి చూసి నేర్చుకునేవారు. నరేశ్ తాను చేయబోయేది పైకి చెప్పాలి. సబిహా "సహీ", అంటే సరైనదే, అన్నాకే చెయ్యి కదలాలి.

"పల్స్ చూస్తున్న అక్కా."

"గది నా గాజురా, పల్స్ కాదు. జర కిందికి జరుగు."

ఒక మధ్యాహ్నం హుస్సేనీ ఆలం నుంచి కాల్. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. పాల వ్యాపారం చేసే ముసలాయన ఊపిరాడక, మంచం అంచున చేతులు మోపి ముందుకు వంగి కూర్చున్నాడు. ఆ రోజు ఇన్‌ఛార్జి కూడా వచ్చాడు.

"పండబెట్టుండ్రి. స్ట్రెచర్‌కు కట్టి దించుండ్రి."

"సార్, పండబెడితే దమ్ము ఇంక ఆడది. కుర్చీల దించుత," అని నరేశ్ సబిహా వైపు చూశాడు.

"ఫస్టియర్‌గానివి, నాకు చెప్తున్నవా? మీ ఇద్దరి డ్యూటీ బుక్కుల మీద సంతకాలు ఎవలు పెడ్తరు?"

ముసలాయన్ని ఇన్‌ఛార్జే వెల్లకిలా నెట్టాడు. పెదవులు నల్లబడ్డాయి.

"సహీ," అంది సబిహా. "లేపు నరేశ్. చాచా, కుర్చీ తీస్కరా," అని నన్ను కేకేసింది.

మాస్కు పెట్టి, కూర్చోబెట్టి దించాము. మనిషి బతికాడు. ముసలాయన కొడుకు ఇన్‌ఛార్జికి దండం పెడితే, ఆయన నవ్వుతూ అందుకున్నాడు. నాకు ఉమ్మేయాలనిపించింది.

మర్నాడు నరేశ్‌ను వేరే ఆసుపత్రికి మార్చారు. సబిహాకు సంతకం పెట్టలేదు. డ్యూటీ మళ్లీ మొదటి నుంచి, ఈసారి వార్డులు తుడవడం. కాలేజీకి పోయి చెప్పాను.

"పెద్దాయనా, మీరు డ్రైవరే కదా. మీకెందుకు గీ లొల్లి?" అన్నారు.

బండి తాళాలు అప్పజెప్పి, ఉద్యోగం వదిలి కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి వచ్చేశాను. వచ్చేముందు కారిడార్‌లో చూసింది మాత్రం కళ్లలోంచి పోవడం లేదు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి వంగి అడుగుతోంది.

"అక్కా, దమ్మాడనోళ్లను ఎట్ల దించాలె?"

సబిహా బకెట్‌లో గుడ్డ పిండుతోంది. తల ఎత్తలేదు.

"సార్‌ను అడుగు."