విరగని మాపు కర్ర

నా చేతిలో చాలా వస్తువులు పాడయ్యాయి. వాటి గురించి నాకు పెద్ద బెంగ లేదు. పాడైన వస్తువుల వల్ల మహా అయితే తిట్లొచ్చాయి, అంతే. జన్మకొక్కటి చక్కగా పనిచేసేది తయారు చేశాను. దాంతో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నాను. అంత ప్రళయం తెచ్చిపెట్టింది అణుబాంబేమీ కాదు, నేల తుడిచే మాపు కర్ర! నవ్వుకోండి, నేనేమీ అనుకోను. చివరిదాకా నవ్వగలిగితే మాత్రం మీరు నాకన్నా గట్టివాళ్లు.

సెల్‌ఫోన్లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయిందని ఢిల్లీ అంతా చెవికి ఫోన్లు అతికించుకుని తిరుగుతున్న రోజులవి. నేను ఓఖ్లాలో బకెట్లు, మగ్గులు, చీపురు పిడులు తయారుచేసే ఓ చిన్న ప్లాస్టిక్ కంపెనీలో డిజైన్ ఇంజనీరుని. తెనాలిలో మా నాన్న "మావాడు ఢిల్లీలో డిజైనింగ్ చేస్తాడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఏం డిజైనింగో అడిగితే మాట మార్చేవాడు. వసంత్ కుంజ్‌లో అద్దె ఫ్లాటు. నా భార్య వాణికి సాకేత్‌లో ఉద్యోగం. మా అమ్మాయి మిన్ను అప్పుడప్పుడే బడికి వెళ్తోంది; తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. ఇక ఇంటికి అసలు యజమాని మా పెద్దమ్మ.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. ఆస్తి అంటే ఒక గుడ్డసంచీ, రెండు చేతులు. చెల్లెళ్ల పిల్లల్లో ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి కాలు విరిగినా అక్కడ ప్రత్యక్షమయ్యేది. పని ఉన్నన్నాళ్లు ఉండేది. ఇక పని లేదని తనకి అనిపించిన మర్నాడే సంచీ సర్దేది. కాళ్లావేళ్లా పడ్డా ఆగేది కాదు. "చేతికి పని లేని ఇంట్లో నాకు ముద్ద దిగదురా" అనేది. మిన్ను పుట్టినప్పుడు మా ఇంటికొచ్చింది. మా అదృష్టం కొద్దీ మా ఇంట్లో పని తెమిలేది కాదు, అలా ఉండిపోయింది. అమ్మ లేని నాకు ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే అమ్మ ఉన్నట్టే ఉండేది.

వచ్చిన కొత్తలో పప్పు రుబ్బేది. నేను గ్రైండర్ కొన్నాను. బట్టలుతికేది; వాషింగ్ మెషీన్ కొన్నాను. మిన్నుని చంకనేసుకుని తిరిగేది. మిన్ను స్కూలు బస్సెక్కింది. "నీకు శ్రమ తప్పించాను పెద్దమ్మా" అని నేను ఛాతీ విరుచుకున్నప్పుడల్లా "అలాగే నాయనా" అనేది. ఆఖరికి ఆవిడకి మిగిలింది పొద్దున్నే ఇల్లంతా తడిగుడ్డ పెట్టడం ఒక్కటే. కథ ఎటు పోతోందో మీకు తెలిసిపోయింది కదూ? నాకు తెలియలేదండీ. నేను ఇంజనీరుని.

పెద్దమ్మ తడిగుడ్డ పెట్టడమంటే మాటలా! గొంతుక్కూర్చుని, చీర కుచ్చిళ్లు పైకి దోపి, వంటింటి గుమ్మం దగ్గర మొదలుపెడితే బాల్కనీ దాకా దండయాత్రే. "కాళ్లెత్తు!" అంటే ఎంతటివాడైనా ఎత్తాల్సిందే. అద్దె పెంచడానికొచ్చిన ఇంటాయన కూడా సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని, ఆ కంగారులో వచ్చిన సంగతి మరిచిపోయి వెళ్లాడు. మిన్ను అయితే ముందే పరిగెత్తుకొచ్చి హెచ్చరించేది. "పాపా, పైర్ ఉఠావో! నానమ్మ ఆ రహీ హై!"

ఎదురు ఫ్లాటు చోప్రా ఆంటీ జాలిపడి తన పనిమనిషిని పంపిస్తానంది. పెద్దమ్మ ఆ పిల్ల తుడవడం ఒకసారి చూసి, "నేలకి బొట్టు పెడుతోందా, తుడుస్తోందా?" అని తిప్పి పంపేసింది.

అంతా బాగానే ఉంది కానీ, తుడవడం అయ్యాక ఆవిడ గోడ పట్టుకుని "అమ్మా" అంటూ లేచేది. మోకాళ్లు పటుక్కుమనేవి. ఆ చప్పుడు వింటే నా ప్రాణం ఉసూరుమనేది.

"పెద్దమ్మా, నువ్వు వంగక్కర్లేకుండా ఒకటి చేసిపెడతాను" అన్నాను ఒకరోజు.

"వంగకపోతే నేలే నా దగ్గరికి లేచొస్తుందా?"

"కర్ర ఉంటుంది. నిలబడే తుడవచ్చు."

"నిలబడి తుడిస్తే అది తుడవడం కాదురా, నేలతో కబుర్లు చెప్పడం."

ఆమె మాట నా చెవికెక్కితేగా! బజారులో దొరికే మాపు కర్రలన్నీ ఒకే పొడుగు. మా పెద్దమ్మ ఉన్న ఎత్తుకి అవి జెండా కర్రలు. కాబట్టి మనిషిని బట్టి పొడుగు మార్చుకునే కర్ర కావాలి. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, మధ్యలో తిప్పి బిగించే ప్లాస్టిక్ బిగింపు, కింద ఎటు కావాలంటే అటు తిరిగే తల, తలకి నూలు పోగులు. బొమ్మ గీసి మా యజమాని మల్హోత్రాకి చూపించాను. "పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ ఒకటే మాపు సార్! ఆఖరికి చిన్నపిల్లలు కూడా తుడవచ్చు!" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. నమూనా తయారుచెయ్యి, ఇంట్లో వాడి చూపించు, నచ్చితే అచ్చు పోయిద్దాం అన్నాడు.

నమూనా ఇంటికి తెస్తే పెద్దమ్మ ఆ నూలు పోగులు పట్టుకు చూసి, "దీనికి జడ వేసి పూలు పెట్టరాదూ?" అంది.

ఆదివారం మల్హోత్రాని పెసరట్లకి పిలిచాం. చోప్రా ఆంటీ పిలవకుండానే వచ్చింది. హాల్లో కాసిని నీళ్లు చల్లి, కర్ర ఆయన చేతికే ఇచ్చాను. ఒక తోపు తోశాడు. "వాహ్! ఏక్‌దమ్ స్మూత్!" అన్నాడు. ఇంకో తోపు తోశాడు. తడిచేతుల్లో కర్ర మెలితిరిగి బిగింపు వదులైంది. పై గొట్టం కింది గొట్టంలోకి జర్రున దిగిపోయింది. దాని మీద భారం వేసిన మల్హోత్రా కూడా దాంతోపాటే దిగిపోయాడు. మాపు తల ఊడి సోఫా కిందికి దూరింది.

"అరే భయ్యా! యే క్యా బనాయా హై తూనే?" అని, ఇదేం తయారు చేశావురా అన్నట్టు, నేల మీంచి కేక.

"ఏమంటున్నాడ్రా?" అంది పెద్దమ్మ.

"బాగుందంటున్నాడు."

"బాగుంటే కూలబడ్డాడేం?"

"అలిసిపోయాడు."

"రెండు తోపులకేనా? అయ్యో పాపం, తిండి సరిగ్గా తినడేమో. ఇంకో రెండట్లు వెయ్యవే వాణీ!"

ఇంతలో పెద్దమ్మ తన తడిగుడ్డ పిండుకుని రంగంలోకి దిగింది. "కాళ్లెత్తమనరా ఆయన్ని" అంది. నేను హిందీలో చెప్పాను. మల్హోత్రా, నాకు జీతమిచ్చే మల్హోత్రా, కుర్చీలో కూర్చుని బుద్ధిగా రెండు కాళ్లూ ఎత్తాడు. చూస్తుండగానే హాలు అద్దంలా అయింది. ఆవేళ పెద్దమ్మ మొహం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. మిన్నుని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు చూశాను అలా, మళ్లీ ఆవేళే. సాయంత్రం నా పక్కన కూర్చుని నా వీపు నిమిరింది.

"పోనీలేరా. విరిగితే విరిగింది. బాగుచెయ్యమాక."

"అంటే నావల్ల కాదనా?"

"ఛ, నేనట్లా అన్నానా? వద్దంటున్నా. అంతే."

బుర్ర ఉన్నవాడైతే ఎందుకు వద్దంటున్నావని అడుగుతాడు. నాకు రోషం వచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని లోకం సామెత. నా కోతిని ఎలాగైనా వినాయకుణ్ణి చేసి తీరాలని పట్టుబట్టాను. ఆఫీసులో అందరి చేతా ఉత్త నేల తుడిపించి, కర్ర పట్టిన చేతులు ఎటు మెలితిరుగుతున్నాయో గమనించాను. బిగింపు మరలు ఎదురు దిశకి మార్పించాను. తుడిచేకొద్దీ వదులవడం పోయి, తుడిచేకొద్దీ బిగుసుకోవడం మొదలైంది. తలకి ఇత్తడి మేకు కొట్టించాను. మరలని ఓఖ్లాలో చూడీ అంటారు, తిరగేసినవైతే ఉల్టీ చూడీ. నేను ఇంటికొచ్చి సంబరంగా "ఉల్టీ చూడీ పెట్టించా పెద్దమ్మా!" అన్నాను.

"వాంతి చూడటమేమిట్రా, అసయ్యంగా!" అంది. ఢిల్లీ వచ్చాక మిన్ను దగ్గర నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కల్లో ఉల్టీ ఒకటి. అందరం పడిపడి నవ్వాం. మా ఇంట్లో అందరం కలిసి నవ్విన ఆఖరి నవ్వు అది.

మర్నాడు పొద్దున్నే వాణి కర్ర పట్టుకుంది. పాలు పొంగేలోగా ఇల్లంతా తుడిచేసి, నడుం కూడా వంచకుండా వచ్చి స్టవ్ ఆపేసింది. చోప్రా ఆంటీ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు తెలియలేదు. బిగింపు వదులుచేసి, కర్రని మిన్ను ఎత్తుకి దించి, దాని చేతికిచ్చాను. అది గిరగిరా తిరుగుతూ తుడిచేసింది.

"దేఖో నానమ్మా! మై భీ కర్ సక్తీ హూఁ!"

"చూశావా పెద్దమ్మా!" అని అరిచాను నేను. "చిన్నపిల్ల కూడా చేసేస్తోంది! ఇంక ఈ పని ఎవరైనా చేసెయ్యొచ్చు!"

వాణి నా తొడ మీద గిల్లింది. ఎందుకు గిల్లిందో తెలియక "అబ్బా" అన్నాను. పెద్దమ్మ బాల్కనీ గుమ్మంలో, తన గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆ గుడ్డ పొడిగా ఉంది. దగ్గరికొచ్చి కర్రని పట్టుకుని లాగి చూసింది, గుంజి చూసింది.

"బాగుంది నాయనా. గట్టిగా ఉంది" అంది.

మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టి, కలిపి, మజ్జిగ చాలంది. ఆ రాత్రీ అంతే. రెండు రోజులకి సంచీ సర్దింది.

"నాగ్‌పూర్‌లో మీ అన్నయ్య ఇంటికి పెద్ద వరండా ఉందటరా. తుడిచే దిక్కు లేదట."

అప్పటికైనా నాకు బుద్ధి రావాలా? ఇన్నాళ్లకి నాకు ప్రేమగా మాట్లాడే అవకాశం దొరికిందనుకుని, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని ఇలా అన్నాను.

"పని లేకపోతే నీకేం తక్కువ పెద్దమ్మా? హాయిగా కూర్చుని తిను!"

కూర్చుని తినమన్నాను! ఒకరింట ఊరికే ముద్ద ముట్టనని బతికిన మనిషిని, కన్నతల్లిలాంటి మనిషిని పట్టుకుని, కూర్చుని తినమన్నాను! ఆ మాటకి తెలుగులో ఏం అర్థముందో తెలియని హిందీవాడిలా అన్నాను. పెద్దమ్మ నా చేతుల్లోంచి చేతులు తీసుకుంది.

"విన్నావటే వాణీ? కూర్చుని తినమంటున్నాడు మీ ఆయన" అని నవ్వింది. కళ్లు మాత్రం నవ్వలేదు.

ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. ఇంటికి రాగానే వాణి అంది: "తడిగుడ్డతో గొంతు కొయ్యడమని వినడమే కానీ చూడలేదండీ. మీరు ఆ తడిగుడ్డ కూడా లాక్కుని మరీ కోశారు."

తర్వాత మా ఇల్లు ఎలా ఉందని అడక్కండి. శుభ్రంగా ఉంది. ఎవరూ కాళ్లెత్తమనేవాళ్లు లేరు. మిన్ను స్కూలు నుంచి వచ్చి "నానమ్మ కబ్ ఆయేగీ?" అని అడిగేది. కంపెనీలో అచ్చు పోశారు, మాపు అమ్ముడుపోయింది, డబ్బా మీద చిన్నపిల్ల కూడా చేసేస్తుందన్న నా మాటే హిందీలో అచ్చేశారు: బచ్చా భీ కర్ లే! మల్హోత్రా మిఠాయి పంచాడు. నేను నోట పెట్టలేదు.

ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. కర్ర విరిగిపోయిందని చెబితే వస్తుంది కదా! పెద్దమ్మతో అబద్ధమాడటం ఇష్టం లేక, ముందు నిజంగానే విరగ్గొడదామనుకున్నాను. కాలికింద పెట్టి తొక్కాను. ఎక్కి గెంతాను. బాల్కనీ గ్రిల్లులో దూర్చి లాగితే గ్రిల్లు వంగింది, కర్ర వంగలేదు. చోప్రా ఆంటీ ఎదురు బాల్కనీలోంచి చూసి "బేటా, తబియత్ ఠీక్ హై?" అని నా ఆరోగ్యం గురించి ఆరా తీసింది. చేసేది లేక నాగ్‌పూర్‌కి ఫోన్ చేసి అబద్ధమే ఆడాను.

"పెద్దమ్మా, ఆ కర్ర విరిగిపోయింది. ఇల్లంతా మురికి. వాణికి తీరడం లేదు. నువ్వు రావాలి."

"విరిగిందా?" ఆ గొంతులో ఆశ వినబడింది. ఒట్టు, వినబడింది.

"రెండు ముక్కలు."

అంతలోనే నవ్వింది.

"ఊరుకోరా. నీ చేతిపని నాకు తెలియదూ? నేను గుంజి చూశాగా. నువ్వు చేసింది విరగదు నాయనా. ఇక్కడ అందరికీ చెబుతున్నా, మావాడు చేసిన కర్ర విరగదని."

నా జీవితంలో నా పనితనాన్ని మనసారా మెచ్చుకున్నది ఆవిడొక్కతే. ఆ మెప్పు తీసుకోనూ లేక, కాదనీ లేక, ఫోన్ చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఆవిడ మళ్లీ ఢిల్లీ రాలేదు. ఆ వేసవిలోనే నాగ్‌పూర్‌లో, నిద్రలో పోయింది.

కాబట్టి సభాముఖంగా, ఓఖ్లాలోని సమస్త బకెట్ల సాక్షిగా, ఉల్టీ చూడీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఎవరికీ, వాళ్లని అడక్కుండా, శ్రమ తప్పించను. నా ఇంట్లో ఎవరినీ కూర్చుని తినమనను. మీరెప్పుడైనా మా ఇంటికొస్తే చెప్పులు విప్పీ విప్పకముందే చేతిలో చిక్కుడుకాయలు పెట్టి ఈనెలు తీయమంటాను. నొచ్చుకోకండి. మీరు మా ఇంట్లోనే ఉండిపోవాలని దాని అర్థం.