ఈ చిరునామాలో లేని మనిషి

మా అమ్మాయి కిర్గిజ్‌స్థాన్‌లో డాక్టరు చదువుకు చేరినప్పుడు, ఆ దేశం ఎక్కడుందో చూపిస్తానని మా ఆవిడను బడికి తీసుకుపోయాను. సోషల్ చెప్పే అయ్యవారిని కదా. గోడమీది పటంలో ఎంత వెతికినా దొరకలేదు. ఆ పటం అచ్చయిన నాటికి ఆ దేశమే లేదు, అక్కడంతా సోవియట్ యూనియన్ అని పెద్ద పెద్ద అక్షరాలు. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

చదువు పూర్తయి పట్టా ఇచ్చే రోజు దగ్గరపడింది. "అందరి నాయనలూ వస్తాండారు. నువ్వూ రావల్ల నాయనా" అంది అమ్మాయి ఫోన్లో. మా ఆవిడ విమానం ఎక్కనని ముందే తప్పుకుంది కాబట్టి, ఆ హాల్లో మా తరఫున కూర్చోవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. వీసాకు నెట్లోనే దరఖాస్తు చేయొచ్చునట. పాస్‌పోర్టుకు ఆరు నెలలకు పైగా గడువు మిగిలి ఉండాలి, ఫొటో వెనక తెల్లగా ఉండాలి, రానుపోను టికెట్టు, అక్కడ ఎక్కడ దిగుతామో ఆధారం. అమ్మాయి చెబుతుంటే అన్నిటికీ అన్నీ తెలిసినవాడిలా ఊ కొట్టాను. చివర్లో, నీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా అని అడిగింది. నాకు పాస్‌పోర్టే లేదు. ఊళ్ళో పిల్లలందరితో దేశాలూ రాజధానులూ బట్టీ పట్టించిన నేను దాటిన అతి పెద్ద సరిహద్దు బళ్ళారి దారిలోది.

సరే, ముందు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. వీసా చేతికొచ్చేదాకా వీధిలో ఎవరికీ చెప్పకూడదని మా ఆవిడతో ఒట్టు వేయించుకున్నాను. తీరా రాకపోతే మా బత్తలపల్లెలో తలెత్తుకు తిరగడం కష్టం. అనంతపురం పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చిన రోజు కూడా పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్లు. మొదట కట్ చేశాను. మళ్ళీ మోగితే ఎత్తి, అవతలి మనిషి నోరు తెరిచేలోపే నాకు ఏ లోనూ వద్దని గట్టిగా చెప్పి పెట్టేశాను. ఆ మర్నాడు మేమిద్దరం ధర్మవరంలో పెళ్ళికి పోయాం.

కొన్నాళ్ళకు నెట్ సెంటరులో చూపిస్తే తెలిసింది, నా దరఖాస్తు ఆగిపోయింది. పోలీసు విచారణలో ఈ మనిషి ఈ చిరునామాలో లేడని తేలిందట. పుట్టినప్పటి నుంచీ ఉంటున్న ఇంట్లో నేను లేను. పరుగున స్టేషనుకు పోయాను. కానిస్టేబులు నన్ను పైకీ కిందికీ చూసి, ఫోన్ చేస్తే లోను వద్దన్నది నువ్వేనా అని అడిగాడు. ఇంటికొస్తే తాళం ఉందట. ఎదురింట్లో అడిగితే, అట్లాంటోడు ఈడ ఎవరూ లేరు, ఎప్పుడో బెంగుళూరు పక్క వెళ్ళిపోయినాడని ఆమె చెప్పిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురింటామెకూ మాకూ ఏళ్ళుగా కొళాయి తగాదా. నీళ్ళు వదిలే రోజు మేం మోటరు పెడతాం, వాళ్ళకు చుక్క రాదు. ఆమె వీధిలో నిలబడి మా వంశాన్నంతా కడిగేస్తుంది. ఆ కసి ఇట్లా తీర్చుకుందన్నమాట. నా కూతురు పట్టా తీసుకునే రోజున నా కుర్చీ ఖాళీగా ఉండబోయేది ఈమె వల్లనే అనుకుంటూ పోయి, గడపలోనే నిలదీశాను.

ఆమె చేట పక్కన పెట్టి నింపాదిగా అంది. "పోలీసోడొచ్చి నువ్వు యాడుండావని అడిగితే, ఈడనే ఉండాడు పట్టకపో అని చెప్పల్లనా అయ్యవారూ? నీకూ నాకూ కొట్లాట నీళ్ళకాడ. దానికని నిన్ను స్టేషనుకు పట్టిచ్చేంత చెడ్డదాన్నా నేను?"

నాకు చాలా సిగ్గేసింది. పళ్ళ డాక్టరు అబద్ధం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పాప కాడికి పోయేదానికి ఇంత దొంగతనమెందుకని ఆమె నన్ను మామూలుగా తిట్టే తిట్లన్నీ తిట్టింది. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది.

నా అర్జీ మీద మళ్ళీ విచారణకు వచ్చినప్పుడు కానిస్టేబులు ఆమెనే అడిగాడు, ఈయన నిజంగా ఇక్కడే ఉంటాడా అని.

"ఉండకేమప్పా? దినామూ మోటరు పెట్టి మా కొళాయికి చుక్క రానియ్యకుండా చేసేది ఈయప్పే గదా."

కానిస్టేబులు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. నివాసం వాస్తవమేనని రాసుకుని పోయాడు.

పాస్‌పోర్టు వచ్చింది, దాని వెనకే వీసా వచ్చింది. పట్టా ఇచ్చే రోజుకు సరిగ్గా ముందురోజు బిష్కెక్‌లో దిగాను. అద్దాల గదిలోని అధికారి నా ఫొటోనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి, వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అడిగాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అతనికి గనక అనుమానమొచ్చి మా వీధికి ఫోన్ చేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఎవరో పరాయి దేశపు పోలీసని, ఎదురింటామె మళ్ళీ నన్ను కాపాడుతుంది. అట్లాంటోడు ఈడ ఎవరూ లేరనే చెబుతుంది. ఆ మాట తలుచుకోగానే నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. అధికారి నన్ను వింతగా చూసి ముద్ర కొట్టాడు. అవతల మా అమ్మాయి చెయ్యి ఊపుతోంది.