సాలీడు గదిలో ఏసీ

2023 ఎండాకాలం. బహ్రెయిన్‌లో ఏసీ పనివాళ్ళకు ఆ నెలల్లో కుదురుగా అన్నం తినే తీరిక కూడా ఉండదు. అలాంటి రోజుల్లో సఖీర్‌లోని ఒక చిన్న పరిశోధనశాల నుంచి కంప్లయింట్ వస్తే, నేనూ నా హెల్పర్ భూమన్నా వ్యాన్ వేసుకుని వెళ్ళాం. అతనిది జగిత్యాల వైపు, నాది కరీంనగర్. అక్కడ సాలీళ్ళ మీద పరిశోధన చేసే శ్రావణి మేడంది కాకినాడ.

గది చల్లగా ఉంది, గాలి జోరుగా వస్తోంది. మా లెక్కన అంతకన్నా మంచి ఏసీ ఉండదు.

"ఏసీకి ఏం కాలేదు మేడం," అన్నాను.

"ఏసీకి కాదండీ రాజన్నగారూ, దీనికి," అంటూ ఆమె జాలీ మూత ఉన్న ఒక గాజుపెట్టె చూపించారు.

అందులో నాచు, నాచు కింద పెసరగింజంత గోధుమరంగు సాలీడు. చిలీ దేశం దక్షిణాన, ఏడాది పొడుగునా చల్లటి వానలు పడే అడవుల్లో ఉంటుందట. అడవులు తగ్గిపోయి అరుదైపోయిందట. గల్ఫ్‌కు చెమటోడ్చడానికి వచ్చినవాళ్ళనే చూశాను గానీ, చలి లేకపోతే బతకలేని ప్రాణిని ఇక్కడ చూడడం అదే మొదలు.

"గుడ్ల సంచి పెట్టిందండీ. ఏసీ తగ్గిస్తే వేడికి పోతుంది. పెంచితే నేను ఎన్నిసార్లు నీళ్ళు చల్లినా నాచు ఎండిపోతోంది. నాచు ఎండితే గుడ్లు మిగలవు. నా దగ్గర ఇంకో ఆడది లేదు," అన్నారు.

ఏసీ గదిని చల్లబరచడమే కాదు, గాలిలోని తేమను కూడా లాగేస్తుంది. ఆ తేమనే మేము హ్యూమిడిటీ అంటాం. మనుషులకు హాయినిచ్చేదే ఆ సాలీడు ప్రాణం తీస్తోంది.

"మా లేబర్ క్యాంపుల గూడ గిదే కత అన్నా," అన్నాడు భూమన్న. "బందు జేస్తె ఉక్కపోత, ఏస్తె గాలి సీదా మొఖానికే కొడ్తది. నేనైతే తువ్వాల సుట్టుకొని పండుకుంట."

నవ్వేశాను. పెద్ద భవనాల్లో చిల్లర్ ఉంటుంది. అది నీళ్ళను చల్లబరచి పైపుల్లో తిప్పుతుంది. ఈ పెట్టెకు కూడా గాలి వద్దు, చల్లటి నీళ్ళ పైపు చాలనిపించింది. మా స్టోర్‌లో మూలపడేసిన తాగునీళ్ళ కూలర్ తెచ్చి, పెట్టె చుట్టూ రాగి పైపు చుట్టి, చిన్న పంపుతో నీళ్ళు తిప్పాం. కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. పెట్టెను ఏసీ గాలికి దూరంగా జరిపాం. మేడం జాలీ మూత తీసేసి, గాలికి సన్నటి సందు వదిలి గాజు మూత పెట్టారు. ఆ పైపులో నీళ్ళు ఎంత చల్లగా ఉండాలో తేల్చుకోవడానికి ఆమె, నేను చాలాసార్లు వాదులాడుకున్నాం. నాచు మాత్రం తడిగానే ఉండిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఫోన్ వచ్చింది. "పిల్లలొచ్చాయండీ."

వెళ్ళి భూతద్దంలో చూశాం. నాచు మీద తెల్లటి నలుసులు కదులుతున్నాయి. నా సొంత ఇంట్లో పురుడు జరిగినంత సంతోషమేసింది.

తిరిగి సిత్రాలోని క్యాంపు వైపు వస్తుంటే పక్క సీట్లో భూమన్న భుజం మీద తువ్వాలు కనబడింది. "ఎన్నేండ్లాయెరా అట్ల సుట్టుకొని పండవట్టి?"

"దుబాయి వచ్చినప్పటిసంది." మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

ఆ క్యాంపు ఏసీకి ఏటా సర్వీసు చేసేది నేనే. నేరుగా అతని గదికే వెళ్ళాం. అతన్ని పై మంచమెక్కి పడుకోమని, గాలి కప్పు వైపు మళ్ళేలా ఏసీ కింద ఒక ప్లాస్టిక్ రేకు బిగించాను.

"ఇప్పుడో?"

"జర ఇంక పైకి... ఆఁ, గట్లనే ఉండనీ." తువ్వాలు తీసి మంచం కడ్డీ మీద వేశాడు.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా రిమోట్ పట్టుకునే ముందు "మీరు ఎక్కడ పడుకుంటారు?" అని అడుగుతున్నాను. రిఫా వైపు ఇళ్ళల్లో కొందరు నన్ను వింతగా చూస్తారు. చూడనివ్వండి.